దుప్పుల పరిమాణము: ప్రాంతభేదములు, వేటకాండ్ర కొలతలు

ఒకే జాతికి చెందిన మృగము దేశమునుబట్టి పెద్దదిగానో చిన్నదిగానో పెరుగుట, దాని కొమ్ము ఒకచోట మూరెడెదిగి నిలిచిపోగా మరియొకచోట రెండు మూరలు సాగుట, శాస్త్రజ్ఞులకంటె ముందుగా వేటకాండ్రకు తెలిసిన విషయము. హిమాలయపాదమునందలి సాలవనములలో దుప్పిని కొట్టి అలవాటుపడినవాడు దక్షిణదేశపు తీరారణ్యములోని దుప్పిని చూచి, అది ఇంకను ఎదుగవలసిన లేతపోతని తలచుటయు, దక్షిణదేశపు వేటకాడు ఉత్తరదేశపు కొలతలను విని అవి అతిశయోక్తులని శంకించుటయు సహజము. ఇరువురు చెప్పినదియు చాలవరకు నిజమే. ఆ భేదమెట్టిది, దానిని ఎవరెట్లు కొలిచిరి, దానికి కారణములేవి యను ప్రశ్నలకు ఇన్నూరు సంవత్సరములుగా సమాధానములు మారుచు వచ్చినవి. ఆ చరిత్రలో పుదుచ్చేరి పట్టణమునకు చిన్నదైనను విస్మరింపరాని స్థానము కలదు.

పుదుచ్చేరినుండి పోయిన కొమ్ములు

నెపోలియను యుద్ధములు ముగిసి, బ్రిటిషువారి చేతిలోని పుదుచ్చేరి మరల ఫ్రెంచివారికి దక్కిన 1816వ సంవత్సరముననే, అంతకుముందు ఆస్ట్రేలియాతీరమును జావాద్వీపమును చూచివచ్చిన లెషెనో ద లా తూర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఈ పట్టణమునకు నియుక్తుడై వచ్చెను. ఉద్యానమునకు మొక్కలు సమకూర్చుట, పారిసునందలి ప్రదర్శనశాలకు విత్తనములను పక్షులను మృగశరీరభాగములను పంపుట అతని పని. 1822లో స్వదేశమునకు మరలువరకు అతడు సేలము, కోయంబత్తూరు, నీలగిరులు, సింహళము మొదలగు ప్రదేశములు తిరిగి సేకరించినవెల్ల పుదుచ్చేరిద్వారమున ఓడలకెక్కినవి. ఈ పట్టణపరిసరములలో దొరికిన ఒక పండ్లగబ్బిలమునకు 1820లో దెమారె అతని పేరే పెట్టెను. ఆ పేరు నేటికిని చెల్లుచున్నది.

అతడు పంపిన వస్తువులలో కణితి యను పెద్దదుప్పి కొమ్ములును ఉండెను. అస్థిశాస్త్రమున ఆ కాలమునకు మేరువనదగిన కువియే, కోరమండలతీరమునుండి వచ్చిన ఆ కొమ్ములు తానెరిగిన వానికంటె భిన్నములని యెంచి, 1823 నాటి తన గ్రంథమున వానిని లెషెనోపేర ఒక ప్రత్యేకజాతిగా నిలిపెను. అదే గ్రంథమున బెంగాలునుండి వచ్చిన కణితికి అరిస్టాటిలు పేరును, సుమత్రానుండి వచ్చినదానికి వేరొక పేరును ఇచ్చెను. నేటి జంతుశాస్త్రము ఈ మూటిని ఒకే జాతియని నిర్ణయించినది. 1792లోనే కెర్ సింహళపు కణితికి పెట్టిన పేరు అన్నిటికంటె పూర్వమైనదగుటచే అది నిలిచి, లెషెనో పేరు పర్యాయనామముల పట్టికలోనికి జారిపోయెను.

కువియేవంటి మహాపండితుడు ప్రాంతభేదమును జాతిభేదముగా గ్రహించుటకు హేతువు సులభముగా ఊహింపవచ్చును. ఆయన కన్నులయెదుట ఉన్నవి కొమ్ములు. ఆ కొమ్ములు మోసిన మృగము వయస్సెంత, అది ఏ నేలమీద ఏ మేత మేసెను, తోడి మృగముల కొమ్ములెట్లుండెను అను సంగతులు వానితోపాటు పారిసు చేరలేదు. పైగా ఆనాటి చీటీలలో 'కోరమండలము' అని వ్రాయబడినచో అది మృగము పుట్టినచోటుకంటె పెట్టె ఓడకెక్కిన రేవునే తెలుపునేమో యని అనుమానింపదగియున్నది. లెషెనోవలె కొండలును మైదానములును తిరిగినవాని సేకరణములయెడ ఈ అనుమానము మరింత బలపడుచున్నదని నా అభిప్రాయము. చంద్రనగరమున నుండి పనిచేసి, 1824లో చెన్నపట్టణమున అకాలమరణము నొందిన ద్యువోసెల్, కువియేకు సవతికుమారుడు. అతడు పంపిన కొమ్ములను చూచి కువియే పెట్టిన, బారసింగా యను దుప్పి జాతినామము మాత్రము సత్యమై నిలిచినది. కొమ్ము నమ్మదగినదియు, మోసపుచ్చునదియు కూడ నగునని ఒకే గ్రంథములోని ఈ రెండు నామములును చాటుచున్నవి.

తెలుగుదేశపు శృంగమృగములు

ఏటేట రాలి మరల మొలచు ఎముకకొమ్ములు గలవి నిజమైన దుప్పికుటుంబములోనివి. మన అడవులలో చుక్కలదుప్పి, కణితి ఇందు ముఖ్యములు. కుక్కవలె మొరుగు చిన్నజింకయు ఈ కుటుంబములోనిదే, దాని బరువు ఇరువది కిలోగ్రాములకు అటునిటు. మూడు కిలోగ్రాములు మాత్రమే తూగు మూషికజింకకు కొమ్ములే లేవు, అది ఈ కుటుంబమునకు వెలుపలిది. కృష్ణజింక, అనగా ఇర్రి, కొమ్మును ఎన్నడును రాల్చదు. శాస్త్రదృష్టిచే అది వేరొక వంశము. అయినను మన వాడుకలో జింక యను మాట అన్నిటిని కలుపుకొనుచున్నది గనుకను, వేటకాండ్ర కొలతగ్రంథములు దానిని ఎన్నడును విడువలేదు గనుకను, దానిని గూర్చియు ఇచట చెప్పవలసియున్నది.

కల్యాణి చాళుక్యప్రభువైన సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసము మృగవినోదమును విస్తరముగా వర్ణించినది. పెద్దనాదుల ప్రబంధములలో వేటఘట్టములు పెక్కు కలవు. వానియందు మృగముల పేర్లు, ఉరులు, వలలు, వేటకుక్కల నామములు సమృద్ధిగా దొరకునుగాని, ఈ అడవిదుప్పికిని ఆ అడవిదుప్పికిని గల పరిమాణభేదము పద్యమునకు విషయము కాలేదు. ఆ పని పందొమ్మిదవ శతాబ్దిలో తుపాకితోపాటు కొలతటేపు పట్టిన దొరలవలన మొదలైనది.

ఉత్తర దక్షిణములు

చుక్కలదుప్పికి శాస్త్రనామము 1777లో ఎర్క్స్‌లేబెన్ గంగాతీరపు మృగమును బట్టి పెట్టినది. నేపాళమున బ్రిటిషు రెసిడెంటుగా నుండిన హాడ్జ్‌సన్, దానియందే పెద్దదనియు చిన్నదనియు భేదములెంచి వేర్వేరు నామములు కల్పించెను. తరువాతి వారు అవి జాతులు కావనిరిగాని పరిమాణభేదమును కాదనలేదు. హిమాలయపాదమునందును మధ్యభారతమునందును బాగుగ నెదిగిన పోతు భుజముకడ మూడడుగుల ఎత్తును, ఎనుబదియైదు కిలోగ్రాముల బరువును కలిగియుండుట పరిపాటి. దాని కొమ్ము మీటరుపొడవును సమీపించిన సందర్భములును కలవు. దక్షిణమునకు వచ్చినకొలది దేహమును కొమ్మును తగ్గుచు, సింహళము చేరునప్పటికి ఆ తగ్గుదల ప్రత్యేక ఉపజాతినామము పెట్టునంతటిదయ్యెను. ఆ నామమును నేడు అందరును అంగీకరింపరు.

కణితి విషయము ఇంత సరళము కాదు. ఉత్తరమునకు పోయినకొలది పెద్దదగుననుకొన్నచో హిమాలయపు కణితి అన్నిటిని మించవలసియుండెను. కాని వేటకాండ్రు అత్యుత్తమమైన కొమ్ములకు నర్మదా తపతీనదుల అడవులకే పోయిరి. అచటి వృద్ధకణితి మూడువందల కిలోగ్రాములను దాటుటయు, కొమ్ము నాలుగడుగులను మించుటయు కలదు. తూర్పున బర్మా మలయా దేశములకు పోయినచో దేహము కురుచ గాదుగాని, కొమ్ము పొట్టిదై లావెక్కును. సింహళమునను నీలగిరులందును దొరలు కణితినే 'ఎల్కు' అని పిలిచిరి. ఎల్కును చూచినవారెవ్వరును ఆ పేరు పెట్టజాలరు. 1853 ప్రాంతమున సింహళపు వేటనుగూర్చి వ్రాసిన శామ్యూల్ బేకర్ గ్రంథమున ఎల్కులన్నియు కణితులేయని ఎరుగనిచో, ప్రాంతభేదములు పోల్చువాడు పెద్ద పొరపాటున పడును.

బారసింగాయందు భేదము డెక్కలోనికిని దిగినది. ఉత్తరప్రదేశపు తరాయి బురదలలో తిరుగుదాని డెక్కలు విడివడి వెడల్పుగా నుండును. కాన్హా ప్రాంతపు గట్టినేలమీది దానివి చిన్నవై బిగిసియుండును. 1923లో మధ్యభారతమృగములను గూర్చి చక్కని గ్రంథము వ్రాసిన డన్బార్ బ్రాండర్ పేర ఈ రెండవదానికి 1943లో పోకాక్ ఉపజాతినామ మొసగెను. 1970లో కాన్హాయందు ఇవి అరువదియారు మాత్రమే మిగిలియుండెనని తలచుకొన్నప్పుడు, కొలతలు తీయుటకే మృగము లేకుండ పోవుటకు ఎంత సమీపమునకు వచ్చితిమో తెలియును.

కృష్ణజింక కొమ్ములలోని భేదము కన్నులకు స్పష్టముగా కానవచ్చునది. పంజాబు, రాజపుతానా మైదానములలోని ఇర్రి కొమ్ములు దీర్ఘములై విచ్చుకొని యుండును. కర్నూలు రోళ్లపాడు బయళ్లయందును, పుదుచ్చేరికి దక్షిణమున కోడియక్కరై ఉప్పునేలలయందును చూచువానివి సాధారణముగా అంత సాగవు. వాయవ్యభారతపు దానిని ప్రత్యేక ఉపజాతిగా పరిగణించువారును కలరు.

కొలత యొక్క కథ

లండనులో మృగచర్మములను కొమ్ములను అలంకరించు వ్యాపారియైన రోలండ్ వార్డ్ 1892లో ప్రచురించిన కొలతల పట్టిక వేటకాండ్రకు ప్రమాణగ్రంథమయ్యెను. 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పత్రికలోను ఇట్టి కొలతలు తరచు వచ్చెను. వీనిని చదువువాడు మొదట తెలిసికొనవలసినది, పట్టికకెక్కినవి ఆయా దేశముల సగటు మృగములు కావని. ప్రతివేటకాడును తాను కొట్టినవానిలో పెద్దదానినే వ్రాసి పంపెను. తక్కినవాని కొమ్ములు బంగళా గోడలమీద టోపీలు తగిలించుకొను కొయ్యలైపోయినవి. దొరలు ఎక్కువగా తిరిగిన అడవినుండి పెద్దకొమ్ములు ఎక్కువగా వచ్చుటలో వింతలేదు. వెదికినవారు పెక్కండ్రయినచో పెద్దది దొరకుటకు అవకాశమును హెచ్చును.

చుక్కలదుప్పి కొమ్మును చేతబట్టి చూచినచో, అడుగున కంకణమువంటి గరుకైన వలయము, దానికి పైన ఇంచుమించు లంబముగా ముందునకు చొచ్చిన మొదటిశాఖ, అచటినుండి వెనుకకు వంగి మరల ముందునకు వచ్చు ప్రధానదండము, కొనయందు రెండు చీలికలు, వానిలో వెలుపలిది పొడవైనది, కానవచ్చును. కణితికొమ్మునకును ఇవే మూడు మొనలుగాని, అది లావై, గాడులుపడి, చెట్టుబెరడువలె నుండును. ఉక్కుటేపును వలయపు క్రిందిఅంచుకడ ఆనించి, వెలుపలివంపు వెంబడి కొనవరకు త్రిప్పినప్పుడు వచ్చునది కొమ్ముపొడవు. వంపును విడిచి సూటిగా లాగినచో అదే కొమ్ము కొన్ని అంగుళములు కుదించుకొనిపోవును. అడుగుభాగము ఉబ్బెత్తుగా నునుపుగా నున్నచో అది మృగము స్వయముగా రాల్చినది. కపాలపుముక్క అంటియున్నచో చంపి తీసినది.

దేహపుకొలతలో చిక్కులు మరింత హెచ్చు. చచ్చిపడిన మృగము ముందుకాలును చక్కగ చాచి డెక్కకడ ఒక మేకును, భుజముకడ ఒక మేకును పాతి నడిమిదూరమును కొలుచుట అలవాటు. నిలిచియున్నప్పుడు దేహభారముచే కీళ్లు కొంత క్రుంగియుండును. పడినప్పుడు కాలును బలముగా లాగినచో ఎత్తు రెండంగుళములు ఊరక పెరుగును. ఇక బరువు మాటకు వచ్చినచో, ఒకడు కొట్టినది కొట్టినట్లు తూచును; మరియొకడు కడుపు చీల్చి ప్రేవులు తీసి తూచును. నెమరువేయు మృగము కడుపులోని మేతయు ప్రేవులును కలిసి దేహభారమున నాల్గవవంతుకు మించుట కలదు. కాబట్టి ఎట్లు తూచిరో చెప్పని బరువుకు విలువయిచ్చుట తగదు. పోతు ఎదకాలమున మేత మరచి పోరాడి చిక్కిపోవును. అంతకుముందు నెలలో తూచినచో అదే పోతు వేరొక సంఖ్య చూపును. శీతలదేశములందు ఈ కాలము అన్ని పోతులకును ఒకేమారు వచ్చును. మన చుక్కలదుప్పులలోనో, ఒక మందలోనే గట్టికొమ్ము పోతును, మెత్తని తోలుకప్పిన కొమ్ము పోతును, కొమ్మురాల్చిన పోతును ప్రక్కప్రక్కన మేయుచుండును. వేటకాండ్ర తగవులలో సగము ఈ కారణములవలననే పుట్టినవి.

కారణవిచారము

1847లో జర్మను శాస్త్రజ్ఞుడు బెర్గ్‌మన్, ఉష్ణరక్తజంతువులలో శీతలదేశములవి పెద్దవనియు, పెద్దదేహము వేడిని మెల్లగ విడుచుటయే దానికి హేతువనియు సిద్ధాంతము చేసెను. అమెరికా తెల్లతోకదుప్పి దానికి మంచి దృష్టాంతముగా తోచును. ఫ్లారిడా దక్షిణాగ్రమునందలి చిన్నదీవులలో పోతు ముప్పది కిలోగ్రాముల చెంత నుండగా, కెనడా సరిహద్దు అడవులలో నూరు దాటుట సాధారణము. 1987లో కెనడావాడైన వలేరియస్ గైస్ట్ ఈ సూత్రమును గట్టిగా ఖండించెను. ఉత్తరముగా పోయినకొలది కొంతవరకు మృగములు పెరిగి, అటుపిమ్మట ధ్రువమువైపు మరల తగ్గుచున్నవని చూపి, చలికంటె, మేత పెరుగు ఋతువునందు మృగమొక్కింటికి దొరకు సారవంతమైన ఆహారమే నిర్ణాయకమనెను. నర్మదాతీరపు కణితి హిమాలయపు కణితిని మించుటకు గైస్ట్ వాదము బెర్గ్‌మన్ వాదముకంటె చక్కగ సరిపోవునని నాకు తోచుచున్నది.

మేతయొక్క ప్రభావమునకు 1930 ప్రాంతపు ఒక ప్రయోగము చిరస్మరణీయము. బొహీమియాయందు ఫ్రాంజ్ ఫోక్ట్ అను పెంపకందారుడు ఆవరణములో ఎర్రదుప్పులకు నూనె తీసిన నువ్వులపిండిని, అనగా మన గానుగలకడ పశువులకు పెట్టు తెలగపిండినే, సమృద్ధిగా పెట్టి కొన్ని తరములు పెంచెను. మొదటితరము కొంత పెరిగెను. తల్లికడుపులోనుండియే మంచిమేత ఎరిగిన తరువాతి తరములు మరింత పెరిగి, పూర్వకాలపు రాజగృహములలో వేలాడు మహాశృంగములకు సాటివచ్చు కొమ్ములు మోసెను. బీజము మారలేదు, మేత మారినది. తల్లి తిన్నది బిడ్డ కొమ్మున కనబడుటకు ఒకటి రెండు తరములు పట్టుననుట ఇందలి సారము. ఒకయేటి వర్షమును చూచి అడవిదుప్పులను తీర్పుతీర్చరాదు.

దీనికే ప్రకృతి చేసిన ప్రయోగము న్యూజీలాండున జరిగెను. స్కాట్లాండు బోడికొండలమీద కృశించియుండు ఎర్రదుప్పులనుండి కొన్నిటిని 1871లో ఒటాగోలో విడువగా, మేత అపారము, పోటీ లేమి, వానిని స్వదేశపు వానికంటె ఎంతో పెద్దవానిగా చేసెను. వేటకాండ్రు సముద్రములు దాటి అచటికి పోయిరి. మందలు విపరీతముగా పెరిగి అడవిని తినివేసినపిమ్మట కొమ్ములు మరల క్షీణించెను. 1930 దశకారంభమున ప్రభుత్వమే వానిని చంపించుటకు పూనుకొనవలసివచ్చెను. స్కాట్లాండులోని రమ్ ద్వీపమున ఒకభాగమునందు 1972లో చంపుట ఆపగా, ఆడుదుప్పుల సంఖ్య పెరిగినకొలది పోతుల కొమ్ములు తగ్గుట దీర్ఘపరిశీలనములో తేలినది. ద్వీపబంధనము దీర్ఘమైనచో దేహమే కుదించుకొనిపోవును: సుమారు లక్షయిరువదివేల యేండ్ల క్రిందట జెర్సీద్వీపమున చిక్కుకొన్న ఎర్రదుప్పులు ఆరువేల సంవత్సరములలోపల తమ పూర్వికుల బరువున ఆరవవంతుకు దిగెనని 1989లో లిస్టర్ నిరూపించెను.

పుదుచ్చేరి నేల

ఈ విచారమును పుదుచ్చేరి పరిసరములకు అన్వయించి చూచినచో, తీరపు మృగము చిన్నదగుటకు తగిన హేతువులు ఇక్కడి నేలయందే కానవచ్చుచున్నవి. ఈ పట్టణమున కురియు వర్షములో అధికభాగము అక్టోబరునుండి డిసెంబరువరకు ఈశాన్యఋతుపవనముచే కురియును. ఫిబ్రవరి దాటినది మొదలు ఎండలు ముదిరి గడ్డి సారము కోల్పోవును. గోరిమేడు, కాలాపట్టుల ఎర్రమట్టిదిబ్బలు కడలూరు ఇసుకరాతినుండి ఏర్పడినవి. వర్షమునకు సులభముగా కోసుకొనిపోవు ఈ మట్టియందు పోషకములు నిలువవు. ప్రకృతిసిద్ధముగా ఇక్కడ పెరుగవలసినది పొట్టిచెట్లును ముండ్లపొదలును గల పొడి సతతహరితారణ్యము. 1955లో స్థాపితమైన ఫ్రెంచి సంస్థ దక్షిణభారతపు వృక్షావరణమునకు పటములు గీయుటలో పేరుగాంచినది. మృగములు ఎట్టి మేతపై బ్రదికెనో ఊహించువారికి ఆ పటములు వేటకాండ్ర పట్టికలకంటె ఎక్కువ చెప్పగలవు. మరియే అవయవమును పెరుగనంత వేగముగా పెరుగు కొమ్మునకు సున్నము, భాస్వరము కావలెను. దుప్పులు రాలినకొమ్ములను, ఎముకలను నమలుట ఆ కొరత తీర్చుకొనుటకే.

ఇదే తీరారణ్యము ఉత్తరమున శ్రీహరికోటలో కొంత నిలిచియున్నది. అచట చుక్కలదుప్పులు నేటికిని కలవు. చెన్నపట్టణము నడుమ గిండీలో దుప్పియు కృష్ణజింకయు ఒక్క ఆవరణములో మేయుచున్నవి. పుదుచ్చేరి పట్టణమునకు అట్టి అడవి మిగులలేదు. 2007లో ఈ ప్రాంతము తన చిహ్నముగా ఉడుతను ఎన్నుకొన్నది. తెలంగాణము చుక్కలజింకను, ఆంధ్రప్రదేశము కృష్ణజింకను తమ రాష్ట్రమృగములుగా చేసికొన్నవి.

వేట ముగిసిన పిమ్మట

1972 వన్యప్రాణి సంరక్షణచట్టము మొదట కొన్ని మృగములకు అనుమతిపత్రముపై వేటకు చోటిచ్చినను, 1991 సవరణముతో ఆ ద్వారము మూతపడెను. ఇందుచే భారతదేశపు దుప్పులను గూర్చిన వేటకాండ్ర కొలతలు ఆగిపోయినవి. నేటి పరిశోధకులు మత్తుమందిచ్చి పట్టినవానిని, సహజముగా చచ్చినవానిని, రాలినకొమ్ములను కొలిచి ఆ లోటు కొంత తీర్చుచున్నారు. అట్టివారికి పాత ఇండ్లలోని కొమ్ములు మిక్కిలి ఉపకరింపగలవు. చట్టరీత్యా నమోదై తాతలనాటినుండి గోడలకున్న కొమ్ము వెనుక, అది దొరికిన ఊరు, అడవి, సంవత్సరము వ్రాసిన చీటీ యున్నచో దానిని చెరపక కాపాడుట, లేనిచో ఇంటి పెద్దలనడిగి తెలిసినంతవరకు ఇప్పుడే వ్రాసి అంటించుట అత్యవసరము. అట్లు వ్రాయునప్పుడు ఓడరేవు పేరో పట్టణము పేరో కాక, దుప్పి మేసిన కొండ పేరే వ్రాయవలెను.